కాన్పు సమయంలో ఏ బట్టలు వేసుకుంటే హాయిగా ఉంటుంది? లేబర్ రూమ్ నర్సుగా నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎనిమిదో నెల నడుస్తోంది, తొలి కాన్పు. మీరు వెళ్లే ఆసుపత్రిలో వాళ్ల గౌను ఇస్తారు, సొంత బట్టలు వేసుకున్నా అభ్యంతరం లేదన్నారు. ఆన్‌లైన్‌లో 'డెలివరీ గౌను' పేరుతో అమ్మేవి కొనాలా, ఇంట్లో వేసుకునే నైటీ సరిపోతుందా, లేక ఆసుపత్రి గౌనే మేలా? చివర్లో ఇంకో మాట రాశారు: "నొప్పుల కంటే అందరి ముందు ఒంటి మీద బట్ట సరిగ్గా లేకుండా పడుకోవాలంటేనే ఎక్కువ టెన్షన్‌గా ఉంది" అని. అసలు ప్రశ్న ఇదేననిపించింది, అందుకే వివరంగా రాస్తున్నాను. చాలా ఏళ్లుగా లేబర్ రూమ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. మోకాళ్ల కిందికి కాస్త దిగే, బాగా వదులుగా ఉండే, చేతులు పొట్టిగా ఉన్న, ముందు వైపు పైనుంచి కింది దాకా బొత్తాలున్న మెత్తటి నూలు నైటీ తీసుకెళ్లండి. ఒకటి కాదు, రెండు. డెలివరీ గౌను ప్రత్యేకంగా కొనక్కర్లేదు. ఆసుపత్రి గౌనుకు వద్దనకండి, తీసుకుని పక్కన ఉంచుకోండి, ఏదో ఒక దశలో అక్కరకు రావచ్చు.

ఇక కారణాలు. బట్ట ఎంచుకునేటప్పుడు చాలామంది రంగు, మెత్తదనం, ఫొటోల్లో ఎలా కనిపిస్తామన్నది చూస్తారు. నేను చూసేది ఒకటే: ఒంటి మీద నుంచి తీయకుండానే అక్కడ జరగాల్సిన పనులన్నీ జరుగుతాయా? చెయ్యి, పొట్ట, నడుము వెనక, కింది భాగం, రొమ్ము. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పాలు తాగే దాకా మాకు ఈ ఐదు చోట్లతోనే పని. ఏ చోటుకు చేయి పెట్టాలన్నా మొత్తం బట్ట విప్పాల్సి వస్తే మీ సిగ్గు పదింతలవుతుంది. అవసరమైన చోటు మాత్రమే తెరుచుకుని మిగతాదంతా కప్పి ఉంచే బట్టయితే మీ టెన్షన్‌లో సగం అక్కడే తగ్గుతుంది.

చేతులు. బీపీ పట్టీ భుజం కింద చుడతాం. సెలైన్ కోసం కాన్యులా (నరంలోకి పెట్టే సన్నని గొట్టం) సాధారణంగా మణికట్టు దగ్గరో, ముంజేతికో, అరచేతి వెనకో పెడతాం. ఒకావిడ బిగుతైన పొడుగు చేతుల టాప్‌తో వచ్చారు, కాన్యులా పెట్టే దాకా ఏమీ అనిపించలేదు. తర్వాత టాప్ తడిసింది, మార్చాలంటే చెయ్యి బయటకు రాదు. చివరికి కత్తెరతో కోయాల్సి వచ్చింది. అది ఆవిడకు ఇష్టమైన టాప్, మొహం చిన్నబోయింది. చేతులు పొట్టిగా ఉంటే చాలదు, వదులుగా కూడా ఉండాలి. సెలైన్ ఎక్కుతుండగా బట్ట మార్చడానికి ఒక పద్ధతి ఉంది. ముందు సెలైన్ లేని చెయ్యి బయటకు తీసి, తర్వాత సెలైన్ ఉన్న చెయ్యి తీసి, ఆ తర్వాత సీసాను, గొట్టాన్ని నైటీ చేతిలోంచి దాటిస్తాం. తొడిగేటప్పుడు సరిగ్గా దీనికి తిరగేసి. నర్సే చేస్తుంది, మీరు చేయక్కర్లేదు. కానీ సీసా దూరేంత వెడల్పు ఆ నైటీ చేతికి ఉండాలి. కొనే ముందు మీ పిడికిలి దూర్చి చూడండి, సులువుగా దూరాలి.

పొట్ట. బిడ్డ గుండె చప్పుడు వినడానికి కొన్నిచోట్ల చేతి పరికరంతో మధ్యమధ్యలో వింటారు. కొన్నిచోట్ల రెండు బెల్టులు కట్టి మెషిన్‌కు కలుపుతారు. ఒక బెల్టు బిడ్డ గుండె కోసం, ఒకటి నొప్పుల కోసం. ఆ బెల్టులు చర్మానికి తగలాలి. బొత్తాల నైటీ అయితే మధ్యలో రెండో మూడో విప్పితే చాలు. తల మీదుగా తొడిగే మామూలు నైటీ అయితే కింది నుంచి ఛాతీ దాకా పైకి లాగాలి, అప్పుడు నడుము కింద ఏమీ ఉండదు. అలాంటి నైటీయే ఉంటే కాళ్ల మీదికి ఒక దుప్పటి అడగండి. అడగకపోయినా ఇవ్వాలి, కానీ హడావిడిలో మరిచిపోయే అవకాశముంది కాబట్టి అడగండి.

నడుము వెనక. ఎపిడ్యూరల్ (నొప్పులు తెలియకుండా నడుము వెనక ఇచ్చే మత్తు) తీసుకోవాలనుకునేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. బట్టల విషయంలో ఎక్కువ తికమక ఇక్కడే. మత్తు డాక్టర్ మిమ్మల్ని కూర్చోబెట్టి ముందుకు వంగమంటారు, లేదా పక్కకు తిప్పి ముడుచుకుని పడుకోమంటారు. నడుము కింది భాగమంతా మందుతో శుభ్రం చేసి, సన్నని గొట్టం పెట్టి, దాన్ని వీపు మీదుగా భుజం దాకా టేపుతో అంటిస్తారు. అంటే వీపు మొత్తం తెరిచి ఉండాలి. ముందు బొత్తాలున్న నైటీ దీనికి పనికిరాదు కదా అంటారేమో. పనికొస్తుంది. చేతులు బయటకు తీసి, నైటీని వెనక్కి తిప్పి తొడగండి, బొత్తాల వైపు వీపుకు వస్తుంది. ముందు మీ ఛాతీ, పొట్ట, తొడలు నిండుగా కప్పి ఉంటాయి, వెనక తెరుచుకుంటుంది. బిడ్డ పుట్టే ముందో పుట్టాకో మళ్లీ ముందుకు తిప్పుకోవచ్చు. అప్పటికి గొట్టం వీపుకు అంటించి ఉంటుంది కాబట్టి సొంతంగా లాక్కోకండి, నర్సును పిలవండి. పైనుంచి కింది దాకా బొత్తాలుండాలని మొదట్లో పట్టుబట్టింది ఇందుకే. సగం దాకా బొత్తాలున్న నైటీతో ఈ పని కుదరదు. ఆ శుభ్రం చేసే మందు మరక పడుతుంది, పోతుందన్న నమ్మకం లేదు. ఖరీదైనదేదీ వేసుకోకండి.

ఎపిడ్యూరల్ ఖాయమనుకుంటే, భుజాల దగ్గరా వెనకా ప్రెస్ బటన్లుండే ఆ డెలివరీ గౌను నిజంగా సౌకర్యమే, కాదనను. కొంటే మాత్రం శాటిన్, పాలిస్టర్ లాంటివి వద్దు. బటన్లు నాలుగైదుసార్లు గట్టిగా లాగి చూడండి, చిన్న కదలికకే ఊడిపోయేవి మీరు భయపడుతున్న పరిస్థితినే తెస్తాయి.

కింది భాగం. నొప్పులు చురుగ్గా సాగే దశలో, అన్నీ మామూలుగా ఉంటే, లోపలి పరీక్ష సుమారు నాలుగు గంటలకోసారి చేస్తారు. దీనికి ప్యాంటు, పైజామా, లెగ్గింగ్స్ అడ్డం. ఇంట్లో తొలి నొప్పుల సమయంలో వదులైన పైజామా బాగానే ఉంటుంది, ఆసుపత్రికి చేరాక నైటీలోకి మారిపోండి. పొడవు మడమల దాకా వద్దు. మీరు నడుస్తారు, మంచం పట్టుకుని వంగుతారు, మోకాళ్ల మీద వాలతారు, గొంతుక్కూర్చుంటారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా రిస్క్ తక్కువగా ఉన్నవాళ్లను నొప్పుల సమయంలో అటూఇటూ తిరగమనీ, నిటారుగా ఉండమనీ ప్రోత్సహించాలని ఉంది. పొడుగు నైటీ ఇవన్నీ చేసేటప్పుడు మోకాళ్ల కింద చిక్కుకుంటుంది, అంచు తడుస్తుంది, కాలికి తట్టుకుంటే పడే ప్రమాదమూ ఉంది. మరీ పొట్టిదైతే వంగిన ప్రతిసారీ కిందికి లాక్కోవడమే సరిపోతుంది.

బిడ్డ బయటికి వచ్చే సమయానికి నైటీ వెనక భాగాన్ని నడుము పైకి మడుస్తాం. తడవకుండా ఉండటం ఒక కారణం, రక్తం ఎంత పోతోందో మాకు కనిపించడం అసలు కారణం. మామూలు కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటితే దాన్ని అధిక రక్తస్రావంగా లెక్కిస్తాం. ముదురు రంగు మందపాటి బట్టలోకి ఇంకిన రక్తం కంటికి ఆనదు. మరకలు కనబడవని ముదురు రంగు ఎంచుకోవడంలో తప్పు లేదు, నేనూ అదే చెప్తాను, కానీ ఆ సమయంలో బట్ట పైకి మడవమంటే ఎందుకని కంగారు పడకండి. ముందు భాగం మాత్రం అలాగే దించి ఉంచమని అడగవచ్చు.

రొమ్ము. బిడ్డ పుట్టగానే తుడిచి, ఏ బట్టా అడ్డం లేకుండా మీ ఛాతీ మీద పడుకోబెడతాం, పైనుంచి పొడిబట్ట కప్పుతాం. తల్లీబిడ్డా బాగుంటే కనీసం గంటసేపు అలాగే ఉండనివ్వాలి, ముర్రుపాలు మొదలుపెట్టాల్సింది కూడా ఆ గంటలోనే. ముందు బొత్తాలుంటే విప్పి, బిడ్డను లోపల పెట్టుకుని, రెండు వైపులా నైటీనే పైకి లాక్కోవచ్చు. బిడ్డకు వెచ్చదనం, మీకు చాటు. తల మీదుగా తొడిగేదైతే మెడ దాకా పైకి లాగాలి, మీరు అస్సలు వద్దనుకునేది అదే కదా. బ్రా వేసుకోవాలనిపిస్తే మెత్తటిది, లోపల ఇనుప తీగ లేనిది, ముందు నుంచి విప్పుకునేది వేసుకోండి. నొప్పులు పెరిగాక చాలామంది వాళ్లంతట వాళ్లే తీసేయమంటారు.

ఇప్పుడు బట్ట సంగతి. నూలే. పాత, పదిసార్లు ఉతికిన నూలైతే ఇంకా మంచిది. నొప్పుల సమయంలో ఒళ్లంతా చెమట పడుతుంది. పాలిస్టర్ చెమట పీల్చదు, ఒంటికి అంటుకుపోతుంది. కొత్తది కొంటే రెండు మూడుసార్లు ఉతికాకే సంచిలో పెట్టండి, కొత్త బట్ట బిరుసు మెడ దగ్గర, చంకల దగ్గర గీసుకుంటుంది. మెడ వెనక లేబుల్ కత్తిరించేయండి. మామూలు రోజుల్లో పట్టించుకోని ఆ చిన్న గరుకుదనం నొప్పుల మధ్య భరించలేనంత చిరాకు తెప్పిస్తుంది, ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

వేడీ చలీ మాత్రం ముందే చెప్పలేం. ఒక గంట ఫ్యాన్ పెట్టమంటారు, మరుగంటకు పళ్లు కొట్టుకునేలా వణుకుతారు. కాన్పు దగ్గరపడేటప్పుడు, ఎపిడ్యూరల్ తర్వాత, బిడ్డ పుట్టిన వెంటనే వణుకు రావడం మామూలే. పైగా పుట్టే బిడ్డకు చల్లదనం మంచిది కాదు కాబట్టి లేబర్ రూమ్‌ను 25 డిగ్రీల కంటే తగ్గనివ్వకూడదు, మీకు ఉక్కపోసినా మేం గదిని మరీ చల్లబరచలేం. అందుకే ఒకటే మందపాటి బట్ట కాకుండా పలుచని నైటీ, దాని మీద ముందు తెరుచుకునే వదులైన షర్టో గౌనో పెట్టుకోండి. పాదాలు చల్లబడతాయి కాబట్టి సాక్సులు తప్పకుండా ఉండాలి. అడుగున జారకుండా రబ్బరు చుక్కలున్నవి తీసుకోండి, నేల మీద ఉమ్మనీరు చింది ఉన్నప్పుడు మామూలు సాక్సులు ప్రమాదం. చెప్పులు వెనక పట్టీ లేనివి, వంగకుండా తొడుక్కోగలిగేవి. పాదాలు వాచి ఉంటాయి, ఒక సైజు పెద్దవే నయం.

ఇంట్లో ఉండగా ఉమ్మనీరు పోతే ఏం వేసుకోవాలని కూడా అడుగుతుంటారు. నూలు లోదుస్తులు, తెల్లటి ప్యాడ్. తెలుపే ఎందుకంటే నీరు ఏ రంగులో ఉందో మాకు చెప్పాలి. నీళ్లలా గానీ, లేత గడ్డిరంగులో గానీ ఉంటే మామూలే. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా బయల్దేరాలి. చిక్కటి ఎర్ర రక్తం ప్యాడ్ నిండా వచ్చినా అంతే. ఆ ప్యాడ్ పారేయకుండా కవర్లో పెట్టి తీసుకొస్తే చూసేవాళ్లకు చాలా ఉపయోగం. రంగు మామూలుగా ఉన్నా ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి.

సిజేరియన్ అయితే ఈ ఎంపికలేవీ ఉండవు. సొంత బట్టలన్నీ తీసి ఆపరేషన్ గౌను వేస్తారు. నగలు, పిన్నులు, ఇనుప హుక్కులున్న బ్రా అన్నీ తీయాలి, ఎందుకంటే రక్తనాళాలను మూయడానికి వాడే కరెంటు పరికరం వల్ల లోహం తగిలిన చోట కాలే ప్రమాదముంది. వేళ్లు వాచి ఉంగరం రానంటే ముందే చెప్పండి, నిజానికి ఎనిమిదో నెలలోనే తీసి ఇంట్లో పెట్టడం మంచిది. గోళ్ల రంగు, కాంటాక్ట్ లెన్సులు కూడా వద్దు. నడుముకు మత్తు ఇచ్చి చేసే సిజేరియన్‌లో మీరు మెలకువగానే ఉంటారు కాబట్టి, గౌను తెరుచుకునే వైపు ముందుకు ఉండేలా వేయమని అడగండి. అంతా సవ్యంగా ఉంటే బిడ్డను అక్కడే ఛాతీ మీద పెట్టడానికి వీలవుతుంది. కోత సాధారణంగా పొత్తికడుపు కింద అడ్డంగా ఉంటుంది, కొన్ని వారాల పాటు ఎలాస్టిక్ నడుము సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. తర్వాతి రోజులకు బొడ్డు పైదాకా వచ్చే లోదుస్తులు, నైటీలే పెట్టుకోండి. మామూలు కాన్పే అవుతుందని నమ్మకంగా ఉన్నవాళ్లు కూడా ఈ రెండూ సంచిలో వేసుకోవాలి.

కాన్పు తర్వాతి బట్టల విషయంలో ఒక్కటే చెప్తాను. పొట్ట వెంటనే తగ్గదు, అయిదారు నెలల కడుపులాగే ఉంటుంది. పాత కొలతల బట్టలు పెట్టుకుని వెళ్లి, అవి పట్టక కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. ఆరో నెలలో మీకు సరిపోయినవి పెట్టుకోండి. రక్తస్రావం మొదట్లో ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతూ నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది, పెద్ద ప్యాడ్లు పట్టేలా లోదుస్తులు ఒకటి రెండు సైజులు పెద్దవి, ముదురు రంగువి, పోయినా బాధ లేనివి తీసుకోండి. కుట్లు పడితే బిగుతైనదేదీ తట్టుకోలేరు.

జుట్టు గురించి ఎవరూ అడగరు గానీ చెప్పాలి. తల వెనక ముడి వేసుకుంటే పడుకున్నప్పుడు గుచ్చుకుంటుంది. పక్కకు వదులుగా జడ వేసుకుని మెత్తటి రబ్బర్‌బ్యాండ్ పెట్టండి. తల కప్పుకునే అలవాటున్నవాళ్లు పిన్నులు అవసరం లేని మెత్తటి బట్ట తెచ్చుకుని సిబ్బందికి ముందే చెప్పండి. ఆపరేషన్ థియేటర్లో ఎలాగూ అందరికీ టోపీ పెడతారు.

ఇక సిగ్గు విషయం. "ఆ టైమ్‌కి సిగ్గేమీ గుర్తుండదులే" అని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. కొందరి విషయంలో నిజమే. కానీ కొందరికి చివరిదాకా గుర్తుంటుంది, వాళ్లకు ఆ మాట ఏ సాయమూ చేయదు, పైగా తమలోనే ఏదో లోపముందని అనిపిస్తుంది. అందులో లోపమేమీ లేదు. భయం, బెరుకు ఎక్కువైతే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, నొప్పులను నడిపించే ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌కు అది అడ్డు తగులుతుంది. అంటే మిమ్మల్ని చాటుగా, నిబ్బరంగా ఉంచడం వైద్యంలో భాగమే, మీకు చేసే ఉపకారం కాదు. పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనూ గౌరవం, గోప్యత కాపాడుతూ సేవ అందించాలన్న సిఫారసు ఉంది.

మా వార్డులో ఒకావిడ ఉండేవారు, పరీక్ష అనగానే కాళ్లు దగ్గరకు ముడుచుకుని వణికేవారు. ఎవరు నచ్చజెప్పినా కాదు. వాళ్ల అక్క ఒక పని చేసింది. తలుపు వైపు దుప్పటి తెరలా పట్టుకుని నిలబడి, "నేనిక్కడే ఉన్నా, నన్ను దాటి ఎవరూ రారు" అంది. ఆ తర్వాత పరీక్షలన్నీ సులువుగా జరిగాయి. ఇంకొకావిడ భర్త పాత షర్టు వేసుకుని వచ్చారు. బాగా వదులు, ముందు బొత్తాలు, మోచేతి పైకి మడిచిన చేతులు, తొడల దాకా పొడవు, కింద దుప్పటి. "ఆయన వాసన వస్తోంది సిస్టర్, ధైర్యంగా ఉంది" అన్నారు. నేను చెప్పే నైటీ కంటే ఆవిడకు ఆ షర్టే సరైనది. మీకు ధైర్యమిచ్చే బట్ట ఏదైనా ఉంటే, ఆ ఐదు చోట్లకు అడ్డం కానంత వరకు, దాన్నే వేసుకోండి.

మీతో ఉండబోయేవాళ్లకు ఇప్పుడే ఒక పని అప్పజెప్పండి: ప్రతి పరీక్ష అవగానే దుప్పటి కప్పడం, తలుపో తెరో మూసి ఉందో లేదో చూడటం. మీరు కూడా ఈ మాటలు నిస్సంకోచంగా అనవచ్చు: "కాస్త కప్పండి", "గదిలో ఎవరెవరున్నారు?", "ఈ నొప్పి తగ్గాక చూడండి", "విద్యార్థులు వద్దు". పరీక్ష చేసేది మగ డాక్టరైతే పక్కన ఆడ సిబ్బంది ఉండాలని అడగండి. వీటిని ఎవరైనా తప్పుగా తీసుకుంటే అది మీ తప్పు కాదు.

ఒకటి మాత్రం ముందే తెలుసుకుని ఉండండి. బిడ్డ గుండె చప్పుడు పడిపోవడం, రక్తం ఎక్కువగా పోవడం లాంటి అత్యవసరాల్లో మేం కప్పడం గురించి ఆలోచించం. బట్ట కోస్తాం, గదిలోకి ఒక్కసారిగా చాలామంది వస్తారు. ఆ కొద్ది నిమిషాలు అలాగే ఉంటుంది, గండం గడవగానే ముందు చేసే పనుల్లో మీకు దుప్పటి కప్పడం ఒకటి.

వచ్చే చెకప్‌లో ఈ మూడు అడిగి రండి: సొంత నైటీ ఏ దశ దాకా ఉంచుకోవచ్చు, గుండె చప్పుడు బెల్టులతో వింటారా చేతి పరికరంతోనా, లోపలికి తోడుగా ఎవరిని రానిస్తారు. సరే అన్నారంటే నైటీ వేసుకుని ఇంట్లో ఒకసారి కూర్చోండి, మోకాళ్ల మీద వాలండి, పక్కకు తిరిగి పడుకోండి, వెనక్కి తిప్పి తొడుక్కుని చూడండి. ఎక్కడైనా బిగిస్తే ఇంకోటి చూసుకోవడానికి మీకింకా టైముంది. సంచి సర్దేటప్పుడు ఒక నైటీ, సాక్సులు, రెండు తెల్ల ప్యాడ్లు, దుప్పటి విడిగా ఒక కవర్లో పెట్టి అన్నిటికంటే పైన ఉంచండి. లేబర్ రూమ్‌లోకి చాలాసార్లు పెద్ద సంచి రానివ్వరు, ఆ కవర్ ఒక్కటీ మీ చేతిలో ఉంటే చాలు. ఎపిడ్యూరల్ తీసుకుంటారో లేదో కింద రాయండి, దాన్నిబట్టి మార్చాల్సినవి ఏమైనా ఉంటే చెప్తాను.